సమ్మన్న కట్టిన తువ్వాల

దయ్యాలంటే నాకు ఎప్పుడూ భయం లేదు, విసుగే. హాస్టల్లో ఉన్న రోజుల్లో మూడో అంతస్తులో గాజుల చప్పుడు వినిపిస్తోందని అమ్మాయిలంతా ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే, నేను వెళ్లి ఊగుతున్న కిటికీ గడియకు దారం కట్టి వచ్చి పడుకున్నాను. చప్పుడు ఆగింది. అంత మంచి దయ్యాన్ని పాడు చేశానని వారం రోజులు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

ఇది ముందే చెప్పడం ఎందుకంటే, కింద రాసింది చదివి ఈమెకు ఇలాంటి నమ్మకాలు మొదటి నుంచీ ఉన్నాయేమో అనుకోకూడదని. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

నేను మడికొండలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తాను. ఇరవై మందిమి కూడా ఉండం. పొలాల్లో బోరు మోటార్లను ఫోన్‌తో నడిపే స్టార్టర్ పెట్టెలు తయారుచేస్తాం. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్లో నొక్కితే పొలంలో మోటారు తిరుగుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది.

ఆ పెట్టెల్లోకి వెళ్లే సాఫ్ట్‌వేర్‌ను మా వాళ్లు రాస్తారు. రాసిన ముక్కలన్నీ కలిపి, పరీక్షించి, పెట్టెలోకి ఎక్కించే ఫైలుగా మార్చే పని ఒక సర్వర్ చేస్తుంది. దాన్ని మేం బిల్డ్ సర్వర్ అంటాం. అది మా ఆఫీసులోనే ఉంది. సర్వర్ పని పంచుతుంది, దాని కింద ఉన్న రెండు కంప్యూటర్లు ఆ పని చేస్తాయి. వాటిని నోడ్‌లు అంటాం. ఒక నోడ్‌కు పరీక్షల బెంచ్ కలిపి ఉంటుంది. బెంచ్ అంటే పెద్ద బల్ల, దాని మీద స్టార్టర్ పెట్టె, చిన్న మోటారు, వైర్లు. సర్వర్‌కూ ఆ నోడ్‌కూ మధ్య కనెక్షన్ తెగితే మొత్తం పని ఆగిపోతుంది. అలా ఆగకుండా చూడటం, ఆగితే ఎందుకు ఆగిందో కనిపెట్టడం నా ఉద్యోగం.

మా నాన్న కాశిబుగ్గలో మరమగ్గాల మీద పని చేసేవాడు. మగ్గం ఆగితే తిట్టుకుంటూ కూర్చోడు, తెగిన పోగు ఎక్కడుందో వెతుకుతాడు. నేనూ అదే పని చేస్తున్నానని, కాకపోతే నీడపట్టున కూర్చుని చేస్తున్నానని ఆయన నన్ను ఆటపట్టిస్తాడు.

ఇక సమ్మన్న గురించి. ఆయన ఇంజనీరు కాదు. చాలా ఏళ్లు మోటార్ వైండింగ్ షాపు నడిపి, యాభై దాటాక బెంచ్ చూసుకోవడానికి మా దగ్గర చేరాడు. ఒక్క వేలితో టైపు చేసేవాడు. కానీ పెట్టెకు చెవి ఆనించి, మోటారుకు కరెంటు కలిపే రిలే చప్పుడు విని, లోపల ఏది వదులైందో చెప్పేవాడు. నేను ఎన్నోసార్లు పరీక్షించాను, ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

ఊళ్లలో కరెంటు పని తెలిసిన వాళ్లకు ఒక పద్ధతి ఉంటుంది. లైను మీద చెయ్యి పెట్టేముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ దించి, ఆ హ్యాండిల్‌కు భుజం మీది తువ్వాల కట్టి వెళ్తారు. మనిషి లైన్లో ఉన్నాడు, ఎవరూ స్విచ్ ఎక్కించొద్దు అని దాని అర్థం. ఎంత తొందర పని ఉన్నా ఆ తువ్వాలను వేరేవాళ్లు ముట్టుకోరు. కట్టిన మనిషే వచ్చి విప్పాలి.

సమ్మన్న ఆ పద్ధతిని మా సర్వర్‌లోకి తెచ్చాడు. బెంచ్ మీద చెయ్యి పెట్టేముందు సర్వర్ పేజీలో ఆ నోడ్‌ను ఆఫ్‌లైన్ చేసేవాడు. ఎందుకు చేస్తున్నావని ఆ పేజీ కారణం అడుగుతుంది. మేమంతా మెయింటెనెన్స్ అని రాసి వదిలేస్తాం. ఆయన మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'తువ్వాల కట్టిన', అంటే తువ్వాల కట్టాను, అని కొట్టేవాడు.

ఒకసారి నేను అది చూసుకోకుండా, పని ఆగిపోయిందన్న చిరాకులో నోడ్‌ను ఆన్‌లైన్ చేశాను. బెంచ్ మీద రిలే టక్కున పడింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. దెబ్బ తగల్లేదు. కోప్పడతాడనుకున్నాను. చల్లగా అన్నాడు.

"ఎవలు కట్టిన తువ్వాల ఆళ్లే ఇప్పాలె బిడ్డా. నీకు పని తొందర, నాకు పానం ముఖ్యం."

నిరుడు ఎండాకాలంలో వర్ధన్నపేట దగ్గర మా మేనమామ వాళ్ల ఊళ్లో పది మంది రైతులకు మా పెట్టెలు పరీక్ష కోసం బిగించాం. ఆ పది మందిలో ఒకరు మా ఐలయ్య మామ. ఆయన పక్క పొలం కొమురయ్యది. అతనికి ఈ ఫోన్ స్టార్టర్ మీద నమ్మకం లేదు. "మా కోడలే చేసింది, ఫికర్ చెయ్యకు" అని మామ వెంటపడి ఒప్పించాడు.

ఆ రోజు వాళ్లందరి ముందూ నేనే మాట్లాడాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్పాలి. "ఇక తువ్వాలలు కట్టే పని లేదు, ఫోన్లో ఆపితే చాలు" అన్నాను. అందరూ నవ్వారు. నాకు గర్వంగా ఉండింది.

పెట్టెలు బిగించడానికి నాతో సమ్మన్న కూడా వచ్చాడు. తిరుగు ప్రయాణంలో మడికొండ దగ్గరికి వచ్చాక అన్నాడు.

"గట్ల చెప్పకపోతే బాగుండు బిడ్డా."

మర్నాటి నుంచి మా ఇంజనీర్ల ప్రాణం తీసి పెట్టెలో ఒక తాళం పెట్టించాడు. పెట్టె మీది బటన్‌తో చేత్తో ఆపిన మోటారు మళ్లీ చేత్తో నొక్కితేనే తిరగాలి. కరెంటు పోయి వచ్చినా, ఎవరైనా ఫోన్లో నొక్కినా కదలకూడదు. అది పెట్టె లోపల కట్టిన తువ్వాల అనేవాడు.

దసరా అయిన కొద్ది రోజులకు సమ్మన్న పోయాడు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. ఆయుధపూజ రోజు బెంచ్ నోడ్‌కు ఆయన పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. పదకొండో రోజు అయ్యాక సర్వర్‌లో ఆయన ఖాతా తీసేసింది నేనే. తీసేసేముందు కాసేపు ఆ పేరు చూస్తూ కూర్చున్నాను, అందుకే నాకు బాగా గుర్తు.

అసలు సంగతి మొన్నటి యాసంగిలో, నాట్లు పడుతున్నప్పుడు జరిగింది.

ఒక సోమవారం పొద్దున కొత్త వెర్షన్ బిల్డ్ మొదలుపెట్టాం. పెట్టెలో సిగ్నల్ భాగం అంతా మార్చి రాశారు. బిల్డ్ సగం దాకా బాగానే నడిచి, బెంచ్ నోడ్ కనెక్షన్ తెగిపోయింది. తెగిన ప్రతిసారీ సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే నోడ్ మళ్లీ కలిసేది కాబట్టి, దాని పేజీ తెరవలేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ తెగింది.

కేబుల్ మార్చాను. నెట్‌వర్క్ స్విచ్‌లో వేరే పోర్టులో గుచ్చాను. ఫైర్‌వాల్ చూశాను, లాగిన్ కీ ఫైళ్లు చూశాను, రెండు కంప్యూటర్ల గడియారాలు కలిశాయా చూశాను, డిస్క్ నిండిందా చూశాను, నోడ్ నిద్రలోకి పోతోందా చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పక్కన ఒక చిన్న ప్రోగ్రాం పెట్టి సెకనుకోసారి నోడ్‌ను పలకరిస్తే రోజంతా ఒక్క పలకరింపూ పోలేదు. వైరు తెగలేదు, కనెక్షన్ మాత్రం తెగుతోంది.

పాత వెర్షన్ పెడితే అదే నోడ్ మీద చక్కగా నడిచింది. కొత్తది పెడితే తెగుతోంది. అదీ ప్రతిసారీ ఒకే చోట, చేత్తో ఆపే తాళాన్ని పరీక్షించే దశ మొదలయ్యేముందు. ఆ దశలో మోటారు తిరుగుతుంది కాబట్టి వోల్టేజీ పడిపోతోందనుకున్నాను. నోడ్‌కు వేరే యూపీఎస్ పెట్టాను. మళ్లీ తెగింది.

మంగళవారం కంప్యూటర్‌నే మార్చేశాను. రెండో నోడ్‌ను తెచ్చి బెంచ్‌కు కలిపాను. వేరే యంత్రం, వేరే కేబుల్, వేరే పోర్టు. అదే చోట తెగింది. పాత నోడ్‌నే మళ్లీ బెంచ్‌కు కలిపాను. ఆ సాయంత్రం నాకు భయం లేదు, కోపం వచ్చింది. ఇంటికెళ్లి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, అప్పటిదాకా చూడని ఒక పేజీ తెరిచాను. నోడ్‌ను మనుషులెవరైనా ఆఫ్‌లైన్ చేస్తే ఆ చరిత్ర అందులో ఉంటుంది. తెగిపోతోందని అనుకున్నాను కానీ ఎవరైనా ఆపుతున్నారేమో అన్న ఆలోచనే నాకు రాలేదు.

పదకొండు సార్లు ఉంది. పదకొండు సార్లూ నోడ్‌ను ఎవరో ఆఫ్‌లైన్ చేశారు. చేసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఖాళీ. కారణం దగ్గర పదకొండు సార్లూ ఒకటే మాట.

తువ్వాల కట్టిన.

వరుసలన్నీ మళ్లీ మొదటి నుంచి చదివాను. తర్వాత ఒళ్లు మండింది. చనిపోయిన మనిషి మాటతో పరాచికాలేంటని గది మధ్యలో నిలబడి అరిచాను. అందరూ బిత్తరపోయి చూశారు. కొత్తగా చేరిన ఇద్దరికి సమ్మన్న ఎవరో కూడా తెలియదు. ఒకతను, ఆ మాటకు అర్థం ఏంటక్కా అని అడిగాడు.

అరవడం అయ్యాక నా పద్ధతిలో వెతికాను. నోడ్‌ను ఆఫ్‌లైన్ చేసే అధికారం ఇద్దరికే ఉంది, నాకూ మా మేనేజర్ వేణు సార్‌కూ. సార్ మంగళవారమంతా హైదరాబాద్‌లో మీటింగ్‌లో ఉన్నారు. సమ్మన్న ఖాతా లేదు. ఆయన వదిలిపోయిన ప్రోగ్రాం ఏదైనా తనంతట తాను చేస్తోందేమోనని సర్వర్ మొత్తం ఆ మాట కోసం గాలించాను. ఆయన బతికున్నప్పటి పాత చరిత్రలో తప్ప ఎక్కడా దొరకలేదు.

ఇంకొకటి ఉంది, నన్ను ఇప్పటికీ వదలనిది. సర్వర్ పేజీలో ఎవరు ఏ బటన్ నొక్కినా, ఎక్కడి నుంచి నొక్కారో ఒక వరుస నమోదవుతుంది. ఆ పదకొండు సమయాల్లో ఒక్క వరుస కూడా లేదు. బటన్ ఎవరూ నొక్కలేదు. కానీ నొక్కినట్టు ఉంది.

గురువారం వేణు సార్‌కు అన్నీ చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు. శనివారం ఊళ్లో రైతుల ముందు కొత్త వెర్షన్ చూపించాల్సి ఉంది, శుక్రవారానికల్లా పది పెట్టెల్లోకీ అది ఎక్కాలి. ఆయన తల మీద ఆ బరువు ఉంది.

"పాత డేటా ఎక్కడో కరప్ట్ అయి అట్ల చూపెడ్తాంది. నెట్‌వర్క్ ప్రాబ్లమ్‌కు దయ్యం పేరు పెట్టకు తల్లీ, నువ్వు కూడా ఇట్ల మాట్లాడితే ఎట్ల?"

నువ్వు కూడా అన్న మాట గుచ్చుకుంది. కిటికీ గడియకు దారం కట్టి వచ్చిన పిల్లను నేను.

వచ్చి కుర్చీలో కూర్చున్నాను. నోడ్ ఆఫ్‌లైన్‌లో ఉంది, కింద ఆ రెండు మాటలు. పక్కన ఆన్‌లైన్ చేసే బటన్. ఎవరు కట్టిన తువ్వాల వాళ్లే విప్పాలి అన్న మాట గుర్తొచ్చింది. గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. బటన్ నొక్కాను. మళ్లీ ఎవరూ ఆఫ్‌లైన్ చేయకుండా ఆ అధికారమే అందరికీ తీసేశాను, నాకూ సార్‌కూ కూడా. బిల్డ్ మళ్లీ పెట్టాను.

ఈసారి తెగలేదు. పరీక్షలన్నీ పాసయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు, సార్ సమోసాలు తెప్పించారు. నేను ఒకటి తిన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక పది పెట్టెలకూ కొత్త వెర్షన్ పంపాం. తొమ్మిది తీసుకున్నాయి. పదోది తీసుకోలేదు. కనెక్షన్ లేదని చూపించింది. అది మా ఐలయ్య మామ పెట్టె.

మామకు ఫోన్ చేస్తే సిగ్నల్ ఫుల్లుగా ఉందన్నాడు. పక్కనే కొమురయ్య పెట్టె అదే టవర్ మీద బాగానే పలుకుతోంది. సిమ్ గడబిడ అయి ఉంటుంది, రేపు వచ్చి చూస్తానన్నాను.

ఆ రోజు నాలుగు గంటలప్పుడు ఆ పొలాల్లో కరెంటు పోయింది. అంతకుముందే మామా, కొమురయ్యా మోటార్లు చేత్తో ఆపి, ఎవరి పెట్టె దగ్గర వాళ్లు మోటారుకు వెళ్లే వదులైన వైర్లు బిగిస్తున్నారు. ఇద్దరికీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్. పావుగంట తర్వాత కరెంటు వచ్చింది.

మామ పెట్టె కదల్లేదు. కొమురయ్య మోటారు తనంతట తానే మొదలైంది. అతని కుడిచెయ్యి పెట్టె లోపల ఉంది.

మామే తన పొలంలోంచి పరుగెత్తి వెళ్లి, ఎండు కట్టెతో కొట్టి అతన్ని విడిపించాడు. ప్రాణం దక్కింది. దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు.

తప్పు ఎక్కడుందో ఆ రాత్రికే తెలిసింది. కొత్త వెర్షన్‌లో, కరెంటు ఎక్కువసేపు పోతే చేత్తో ఆపిన గుర్తు చెరిగిపోతోంది. మా బెంచ్ పరీక్ష కరెంటును రెండు సెకన్లే తీస్తుంది, అంతలో ఆ గుర్తు చెరగదు. అందుకే పాసైంది. పొలంలో కరెంటు రెండు సెకన్లు పోయి రావడం ఎప్పుడైనా చూశారా? మాలో ఒక్కరికీ తట్టలేదు. సమ్మన్న ఉంటే ఆ పరీక్షను చూసి నవ్వేవాడు.

మామ పెట్టె సాయంత్రం ఐదింటికి తనంతట తానే కనెక్షన్‌లోకి వచ్చింది. అప్పటికే మేం కొత్త వెర్షన్‌ను వెనక్కి తీసుకున్నాం. పెట్టెను విప్పి తెచ్చి వారం రోజులు చూశాను. సిమ్ బాగుంది, యాంటెన్నా బాగుంది, లోపల నమోదైన వరుసల్లో ఒక్క తప్పూ లేదు. ఆ ఐదు గంటలు అది ఎందుకు పలకలేదో నాకు తెలియదు. పెట్టెలకు కారణం రాసే చోటు ఉండదు. ఉంటే చూసే ధైర్యం నాకుండేదో లేదో.

కొమురయ్యను చూడటానికి దవాఖానకు వెళ్లాను. చెయ్యికి పెద్ద కట్టు. నన్ను చూసి లేచి కూర్చోబోయాడు. నేను మంచం పక్కన నిలబడి ఏడ్చాను.

"నువ్వెందుకు ఏడుస్తవ్ బిడ్డా? నాదే తప్పు. పెట్టె ఉన్నది గదా అని తువ్వాల కట్టలే."

అతనికి చెప్పలేకపోయాను. నీ కోసం ఎవరో పదకొండు సార్లు కట్టారు, పన్నెండోసారి కట్టకుండా నేనే విప్పేశాను అని. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాయడమే మొదటిసారి.

తర్వాత ఆ తప్పు సరిచేశాం. బెంచ్ పరీక్షలో కరెంటును ఇప్పుడు అరగంట తీస్తున్నాం. ప్రతి పెట్టె మూత లోపల, లైను మీద చెయ్యి పెట్టేముందు స్విచ్ దించి తువ్వాల కట్టండి అని తెలుగులో రాసి అంటిస్తున్నాం. ఊళ్లో నేను అన్న మాటను మళ్లీ అదే ఊళ్లో, అదే మనుషుల ముందు నిలబడి వెనక్కి తీసుకున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నెలలు గడిచాయి. చరిత్ర పేజీలో ఆ మాట మళ్లీ రాలేదు. రోజూ చూసేదాన్ని.

ఇప్పుడు వానాకాలం పంటకు ఇంకో వెర్షన్ సిద్ధమైంది. ఈసారి పది పెట్టెలు కాదు, మూడు మండలాల రైతులకు వెళ్లాలి. మొన్న మంగళవారం మధ్యాహ్నం బిల్డ్ సగంలో బెంచ్ నోడ్ ఆఫ్‌లైన్ అయింది. ఆ అధికారం నేను అప్పుడే అందరికీ తీసేశానని చెప్పాను కదా, ఇప్పటికీ ఎవరికీ ఇవ్వలేదు. అయినా అయింది. కారణం దగ్గర అదే మాట.

ఇద్దరు ఇంజనీర్లను కూర్చోబెట్టి మారిన ప్రతి వరుసా చదివించాను. నేనూ చదివాను. ఏ తప్పూ కనబడలేదు. పరీక్షలను విడివిడిగా చేత్తో నడిపితే అన్నీ పాసవుతున్నాయి. వేణు సార్‌ను పిలిచి తెర చూపించాను. ఆయన దగ్గరికి వచ్చి ఆ రెండు మాటలూ చదివారు. కరప్ట్ అయిందని ఈసారి అనలేదు.

"ఉండనియ్," అని వెళ్లిపోయారు.

ఇవాళ్టికి నాలుగో రోజు. నా దగ్గర దీనికి వివరణ లేదు. సమ్మన్న చేస్తున్నాడని నేను అనను, అలాంటివి నమ్మనని మొదట్లోనే చెప్పాను. ఎవరు చేస్తున్నారంటే మాత్రం చెప్పలేను. ఆ కోడ్‌లో నాకు కనబడని తప్పు ఒకటి ఉందని, దాని అవతల ఏదో పొలంలో ఒక రైతు చెయ్యి ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. అది ఎవరి చెయ్యో తెలియదు.

కట్టిన మనిషే విప్పాలి. నేను రోజూ పొద్దున వచ్చి నోడ్ మీది ఆ కుంకుమ బొట్టు వైపు ఒకసారి చూసి, ఆ పేజీ తెరుస్తున్నాను. ఇంకా కట్టే ఉంది. నేను బటన్ జోలికి పోవడం లేదు.